ట్యాంకుకు ఊపిరి ఆడటం లేదు, పంపును అనుమానించకండి

ప్రశ్న: మాది హాలియా. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. రోజూ బండి మీదే వెళ్లి వస్తాను. 2021లో కొన్న 125 సీసీ బండి, పెట్రోలు ఇంజెక్షన్ రకం. దీపావళికి సర్వీసు చేయించాను. అప్పటి నుంచి ఉదయం వెళ్లేటప్పుడు నిడమనూరు దాటాక బండి లాగడం మానేసి, రెండు మూడు సార్లు కుదుపులిచ్చి ఆగిపోతోంది. ఐదు నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు వెళుతుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఇంకా ముందే ఆగుతుంది. విచిత్రమేమిటంటే సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం బంకులో మూత తీస్తే మాత్రం బుస్సుమంటుంది. మధ్యాహ్నం మిల్లు దగ్గర ఎండలో నిలిపిన చోట పెట్రోలు వాసన వస్తుంది. మెకానిక్ ప్లగ్గు మార్చాడు, ఇంజెక్టరు శుభ్రం చేశాడు. ఇప్పుడు పెట్రోలు పంపు మార్చాలి, ఐదు వేలు దాటుతుంది అంటున్నాడు. లేదా కెనిస్టర్ అనే నల్ల డబ్బా పీకేస్తే సరిపోవచ్చు, దానివల్ల మనకు ఉపయోగమేమీ లేదు అంటున్నాడు. మా మిల్లు లారీ డ్రైవరేమో ట్యాంకు మూతకు సన్నటి రంధ్రం వేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: పంపు కొనకండి. డబ్బా పీకించకండి. మూతకు రంధ్రం వేయించకండి. అయితే మీ సలహాదారుల్లో జబ్బుకు దగ్గరగా వచ్చింది లారీ డ్రైవరే. ఆయన రోగం సరిగ్గానే పట్టాడు, మందు తప్పు చెప్పాడు.

మీరు విచిత్రం అన్న విషయమే నాకు అసలు ఆధారం. ఉదయం ఆగుతుంది, సాయంత్రం ఆగదు. పంపు చెడిపోతే సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. పంపు ట్యాంకు అడుగున పెట్రోలులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి నీరసించిన పంపు మధ్యాహ్నపు వేడిలో, ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు మొరాయించాలి. మీ బండి చల్లటి ఉదయం వేళ, అదీ నిండు ట్యాంకుతో ఆగుతోంది. ఇది ట్యాంకులోకి గాలి రాక వచ్చిన ఇబ్బంది.

కిరాణా కొట్టులో పదిహేను కిలోల నూనె డబ్బా తెరవడం చూసే ఉంటారు. ఒక మూల పొడిచి వదిలేయరు, ఎదురు మూల కూడా మేకుతో పొడుస్తారు. ఒక దారిలో నూనె బయటికి రావాలంటే ఇంకో దారిలో గాలి లోపలికి వెళ్లాలి. పెట్రోలు ట్యాంకుదీ ఇదే లెక్క. హాలియా నుంచి మిర్యాలగూడకు మీ బండి సుమారు అర లీటరు తాగుతుందనుకుందాం. అంటే దారి పొడవునా అర లీటరు గాలి ట్యాంకులోకి వస్తూ ఉండాలి. అది రాకపోతే లోపల గాలి పలచబడుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల ఐదారు లీటర్ల గాలి ముందే ఉంటుంది, అందులో అర లీటరు లోటు పెద్దగా తెలియదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపలున్న గాలి గ్లాసో, రెండు గ్లాసులో. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లేసరికే ఆ కాస్త గాలీ సాగిపోయి పీడనం పడిపోతుంది. నిండుగా కొట్టించిన రోజు ముందే ఆగడానికి కారణం ఇదే.

పీడనం పడిపోతే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. పంపు నోటి దగ్గర బుడగలు పుడతాయి, పంపు పెట్రోలుకు బదులు ఆవిరి మింగుతుంది, ఇంజెక్టరుకు ధార అందదు. మీరు చెప్పిన కుదుపులు అవే. ఆగిన ఐదు నిమిషాల్లో ఏ సందు నుంచో కాస్త గాలి లోపలికి చేరుతుంది, కొంత పెట్రోలు ఆవిరై ఖాళీని నింపుతుంది, బండి మళ్లీ కదులుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి అంతా మామూలుగా ఉండేది ఇందుకే.

సాయంత్రం సంగతి చూడండి. రోజంతా ఎండలో నిలిచిన ట్యాంకు చలికాలంలో కూడా చేయి కాలేంత వేడెక్కుతుంది. లోపల ఆవిరి నిండి పీడనం పెరుగుతుంది. బయటికి పోయే దారి లేదు కాబట్టి కొంత మూత రబ్బరు అంచు నుంచి చిమ్ముతుంది. మధ్యాహ్నం మీకు వచ్చే వాసన అదే. మిగిలింది లోపలే ఉండి, మీరు ఇంటికి చేరేదాకా పెట్రోలును వెనక నుంచి తోస్తూ ఉంటుంది. ఆ అరువు గాలి పుణ్యాన సాయంత్రం బండి ఆగదు. బంకులో మూత తీసినప్పుడు మిగిలిన పీడనం బుస్సుమని బయటపడుతుంది.

దీన్ని మీరే రుజువు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. రేపు ఉదయం బండి ఆగగానే ఐదు నిమిషాలు ఆగకండి. పక్కకు తీసి, వెంటనే మూత తీయండి. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపించి, మూత వేసి స్టార్ట్ చేయగానే బండి అందుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు. వెంటనే తీయడం ముఖ్యం. ఐదు నిమిషాలు ఆగితే ఈ జబ్బూ తగ్గుతుంది, వేడెక్కిన పంపు జబ్బూ తగ్గుతుంది, ఏది ఏదో తేలదు. మరునాడు దారిలో నాలుగైదు కిలోమీటర్లకు ఒకసారి ఆపి, మూత తెరిచి మూసి వెళ్లండి. ఆ రోజు బండి ఎక్కడా ఆగకుండా మిర్యాలగూడ చేరితే రెండో సాక్ష్యం కూడా దొరికినట్టే. మూత వదులుగా పెట్టి నడపడం మాత్రం వద్దు. గుంతలో పడి పెట్రోలు చిమ్మితే కిందే వేడి ఇంజిను ఉంది.

ఇప్పుడు గాలి ఎక్కడ ఆగిందో చూద్దాం. పాత కార్బురేటర్ బండ్లలో మూతలో ఒక చిన్న దారి ఉండేది. గాలి అందులోంచే వచ్చేది, ఆవిరి అందులోంచే పోయేది. అది మూసుకుంటే బండి ఆగేది. నా సొంత బండితో దేవరకొండ రోడ్డు మీద నేనూ ఒకసారి ఇలాగే నాలుగుసార్లు ప్లగ్గు విప్పి తుడిచాను. చివరికి చూస్తే నేనే ముచ్చటపడి తొడిగించిన రెక్సిన్ ట్యాంకు కవరు, వానకు తడిసి మూత మీద అతుక్కుపోయి ఉంది. కవరు విప్పాను, బండి నడిచింది. ఆ సంగతి షాపులో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మీ బండిలో అలా ఒకే దారి ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు సైలెన్సర్ నుంచి వచ్చే పొగతో పాటు ట్యాంకు నుంచి లేచే ఆవిరికి కూడా హద్దు పెట్టాయి. అందుకే ఈ బండ్లలో ఎక్కువ వాటికి మూతలో గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే చిన్న వాల్వు ఉంటుంది. ఆవిరి మాత్రం ట్యాంకు నుంచి ఒక సన్న గొట్టం ద్వారా కెనిస్టర్‌లోకి వెళుతుంది. దారిలో ఇంకో వాల్వు ఉంటుంది, బండి పడిపోతే పెట్రోలు కారకుండా అది మూసుకుంటుంది. కెనిస్టర్‌కు బయటి గాలి పీల్చే నోరు ఒకటి ఉంటుంది కనుక, మూతలో దారి మూసుకుపోయినా ట్యాంకు ఆ గొట్టం గుండా వెనక్కి గాలి తీసుకోగలదు. బండిని బట్టి అమరిక కొంత మారవచ్చు గానీ మొత్తం మీద రెండు ముక్కు రంధ్రాలు ఉన్నట్టు లెక్క. జలుబు చేసి ఒకటి మూసుకుపోతే రెండో దానితో నెట్టుకొస్తాం. మీ ట్యాంకుకు రెండూ మూసుకుపోయాయి.

మొదటిది, అంటే మూతలోది, చాలా నెలల కిందటే మూసుకుని ఉంటుంది. మీరు పనిచేసేది రైసు మిల్లులో. ఊక దుమ్ము, తవుడు పొడి ఎంత సన్నగా ఉంటాయో, ఎక్కడెక్కడికి దూరుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా మూత తాళం బిగిసిందని మీరో, మెకానికో తాళం రంధ్రంలో రెండు చుక్కల ఇంజిన్ ఆయిలు వేసి ఉంటారు. మన దగ్గర అందరికీ ఉన్న అలవాటే ఇది. నూనెలో తవుడు పొడి పడితే ముద్ద అవుతుంది, అది సన్నటి గాలి దారిని పూడ్చేస్తుంది. రెండో రంధ్రం దీపావళి సర్వీసులో మూసుకుంది. ఎయిర్ ఫిల్టర్ కోసమో, ప్లగ్గు కోసమో ట్యాంకు లేపి దింపినప్పుడు ఆ గొట్టం ట్యాంకుకీ ఛాసిస్‌కీ మధ్య నలిగి ఉండాలి, లేదా మెలితిరిగి ఉండాలి. సర్వీసు దాకా ఒంటి ముక్కుతో నడిచిన బండి సర్వీసు తర్వాత ఊపిరాడక ఆగడం మొదలుపెట్టింది. ఇది నా ఊహే, కానీ తారీకులు చక్కగా కుదురుతున్నాయి.

గొట్టం నలగలేదని తేలితే దాని చివరలు చూడండి. మట్టిగూడు కట్టే కందిరీగలు ఇలాంటి సన్న గొట్టాలను వదలవు. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి కెనిస్టర్ గాలి పీల్చే నోటిలో మట్టి దిమ్మిస కొట్టి పెడతాయి. గొట్టాలు తారుమారు కావడం ఇంకో ముచ్చట. మూత చుట్టూ ఉన్న గాడిలో పడే వాన నీరు దిగడానికి వేరే గొట్టం ఉంటుంది. ఆవిరి గొట్టమూ, నీటి గొట్టమూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి తగిలించినవాళ్లను నేను చూశాను. గాడిలో రెండు చెంచాల నీళ్లు పోసి, కింద గొట్టం చివర కారుతున్నాయో లేదో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

ఈ పనంతా ఆరుబయట, ఇంజిను చల్లారాక, బీడీలు సిగరెట్లు దగ్గర లేకుండా చేయాలి. మూత విప్పి, నూనె ముద్దను పాత టూత్‌బ్రష్‌తో, కాస్త పెట్రోలుతో తుడిచి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తాళానికి నూనె బదులు గ్రాఫైట్ పొడి వాడితే దుమ్ము పట్టదు. రబ్బరు రింగు పగిలి ఉంటే మూత మార్చడమే మేలు, అది పంపు ఖరీదులో చిన్న వంతు. ఆవిరి గొట్టాన్ని కెనిస్టర్ దగ్గర ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి ఉంచి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. గాలి సాఫీగా ట్యాంకులోకి వెళ్లాలి. నోటితో ఊదవద్దు, పెట్రోలు ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కంప్రెసర్ గాలి అసలే వద్దు. ఆ జోరుకు సన్నటి వాల్వులు చెడిపోతాయి, కెనిస్టర్‌లోని బొగ్గు పొడి రేగి ముందుకు పోయి ఇంకో వాల్వులో ఇరుక్కుంటుంది. బండి పడిపోతే మూసుకునే వాల్వును చేతిలో పరీక్షించేటప్పుడు నిటారుగా పట్టుకోవాలి. పక్కకు వాలిస్తే అది మూసుకోవడం దాని ధర్మం. అది తెలియక చెడిపోయిందని పారేసిన వాల్వులు చాలా ఉన్నాయి.

ఇక మీ మెకానిక్ ఉపయోగం లేదన్న డబ్బా సంగతి. దానిలో ఉండేది బొగ్గే, కానీ పొయ్యిలో వేసే బొగ్గు కాదు. కంటికి కనిపించని గుల్లలు నిండిన సక్రియ బొగ్గు. ఒక్క గ్రాము బొగ్గులో ఆ గుల్లల గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు పది గుంటలు. పెట్రోలు ఆవిరి వెళ్లి ఆ గోడలకు అంటుకుంటుంది. బండి నడుస్తున్నప్పుడు డబ్బాకూ ఇంజినుకూ మధ్య ఉండే పర్జ్ వాల్వు తెరుచుకుంటుంది, ఇంజిను తన పీల్పుతో డబ్బా గుండా బయటి గాలిని లాగుతుంది, ఆ గాలితో పాటు అంటుకున్న ఆవిరి ఇంజినులోకి వెళ్లి మండుతుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న పెట్రోలు గాలిలో కలవకుండా మీ ఇంజినుకే తిరిగి వస్తోంది. మైలేజీ తగ్గిస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఆ ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంటుంది. ఇంటి వరండాలో, పిల్లలు పడుకునే గది పక్కన బండి పెట్టుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి.

డబ్బా పీకేవాళ్లు రెండు చోట్ల పొరపాటు చేస్తారు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి మేకో, స్క్రూవో బిగించి మూసేస్తారు. అప్పుడు మీరు ఇప్పుడు పడుతున్న బాధే శాశ్వతమవుతుంది. లేదా ఇంజిను వైపు గొట్టాన్ని తెరిచి వదిలేస్తారు. పర్జ్ వాల్వు తెరుచుకున్నప్పుడల్లా లెక్కలో లేని గాలి, దానితో పాటు మీ మిల్లు దుమ్ము నేరుగా ఇంజినులోకి వెళుతుంది. వాల్వు తీగ కూడా ఊడదీస్తే మీటరులో ఇంజిన్ గుర్తు దీపం వెలిగి కూర్చోవచ్చు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన అమరికను ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని కొందరు వాదిస్తారు. ఆ పరీక్షలో గొట్టం పెట్టేది సైలెన్సర్‌లో. ట్యాంకు ఆవిరి ఎటు పోతోందో ఆ యంత్రానికి తెలియదు.

అలాగని డబ్బా ఎప్పుడూ చెడదని కాదు. దాన్ని చెడగొట్టేది ముఖ్యంగా మనమే, అదీ బంకులో. మూత అంచుదాకా పోయించడం మనకు ఒక తృప్తి. శ్రీశైలం ప్రయాణమంటే బండిని ఊపి ఊపి మరీ పోయిస్తాం. పెట్రోలు వేడెక్కితే ప్రతి పది డిగ్రీలకు సుమారు ఒక శాతం ఉబ్బుతుంది. బంకు భూగర్భ ట్యాంకులోని చల్లటి పెట్రోలు పదకొండు లీటర్లు పోయించి, మే నెలలో నల్లగొండ గడియారం సెంటర్‌లో ఎండలో నిలిపారనుకోండి. ఇరవై డిగ్రీలు వేడెక్కితే అది రెండు వందల మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది, రెండు టీ గ్లాసులు. సైడ్ స్టాండ్ మీద బండి వాలి ఉంటే ఆ పెట్రోలు ఆవిరి దారిలోకే ఎక్కి, ద్రవంగానే డబ్బాలోకి దిగుతుంది. ఆవిరి పట్టుకునే బొగ్గు పెట్రోలులో నానితే ఇక దేనినీ పట్టుకోదు. బంకులో పోయించుకున్న వెంటనే స్టార్ట్ కాకపోవడం, యాక్సిలరేటర్ తిప్పకుండా వదిలినప్పుడు ఇంజిను ఎగుడుదిగుడుగా తిరగడం, డబ్బా కింద నుంచి చుక్కలు పడటం దాని గుర్తులు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు కనుక మీ డబ్బా ఆరోగ్యంగానే ఉండాలి. లోపలికి దిగిన పెట్రోలు కొంచెమే అయితే ఒకటి రెండు దూర ప్రయాణాల్లో ఇంజినే దాన్ని లాగి ఆరబెడుతుంది. ఊపితే గలగలమన్నా, గొట్టంలో నల్ల పొడి కనిపించినా కొత్తది వేయాలి. పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టాలన్న ఆలోచన వస్తే ముందు ఇంట్లో వాళ్లను బయటికి పంపండి. తర్వాత మీరూ బయటికి వెళ్లి ఆ ఆలోచన మానుకోండి. పోయించేటప్పుడు మూత కింద మెడలా దిగిన లోహపు అంచు దగ్గరే ఆపించండి. ఆ పై ఖాళీ పెట్రోలు ఉబ్బడానికి వదిలిన చోటు.

లారీ డ్రైవరు చెప్పిన రంధ్రం గురించి. రంధ్రం వేస్తే రేపే బండి నడుస్తుంది, అందుకే ఆ సలహా ఇంతకాలం బతికింది. కానీ వాన పడ్డా, నీళ్లతో కడిగినా నీరు నేరుగా ట్యాంకులోకి దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని కలుపుకుంటుంది, నీరు మోతాదు మించితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. మీ పంపు పీల్చేది అడుగు నుంచే. ఐదు వేలు తప్పించుకోవాలనుకుని ఆ ఐదు వేలనే కొని తెచ్చుకున్నట్టవుతుంది. పైగా సడన్ బ్రేకు వేస్తే రంధ్రం నుంచి పెట్రోలు ఎగిరి మీ ఒళ్లో పడుతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన తప్పు చేశాడని మొదలుపెట్టకండి. ట్యాంకు లేపి ఆవిరి గొట్టం ఒకసారి సరిచేయమనండి, మూతలో గాలి దారి శుభ్రం చేయమనండి. అరగంట పని. ఆ గొట్టం మెత్తబడి మడతపడే స్థితిలో ఉంటే, పెట్రోలుకు తట్టుకునే రకం గొట్టమే వేయించండి. అక్వేరియం దుకాణంలో దొరికే తెల్లటి పైపు నెల తిరక్కుండానే గట్టిపడి పగులుతుంది. ఇదంతా చేశాక కూడా బండి ఆగి, ఆగిన క్షణంలో మూత తీసినా గాలి పీల్చుకున్న శబ్దం రాకపోతే, అప్పుడు పంపు పీడనం గేజీ పెట్టి చూడమని అడగండి. గేజీ లేకుండా పంపు మార్చాలనే వాళ్ల దగ్గర ఆ పని చేయించకండి.